చెవుల్లో పత్తి

మా ఇంట్లో నన్ను ఎవరూ కాదనరు. ఈ మాట ఎవరితోనైనా చెబితే, అదృష్టవంతురాలివమ్మా అంటారు. వాళ్ళకేం తెలుసు? కాదనకపోవడమంటే ఒప్పుకోవడం కాదు. మా ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, "సరేలే". మా ఆయన సరేలే అంటాడు, మా అత్త సరేలేమ్మా అంటుంది, పుట్టింటికి వెళితే మా అన్న కూడా అదే అంటాడు. నేను ఏ సంగతి ఎత్తినా అక్కడితో ఆగిపోతుంది. నువ్వు చెప్పింది తప్పు అని ఎవరైనా నిలదీస్తే కదా, కాదు ఒప్పే అని నేను మరో నాలుగు మాటలు చెప్పేది! ఆ భాగ్యం నాకు మా గ్రూపులో దొరికింది. అది చేజారబోయిన సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

నేను పేటలో బట్టలు కుడతాను. పేట అంటే చిలకలూరిపేట, మా వైపు ఎవరూ అంత పొడుగు పేరు పలకరు. ఏడాది పొడుగునా జాకెట్లు, పెళ్ళిళ్ళ ముందు మాత్రం బ్యాండు మేళాల వాళ్ళ కోట్లు. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, ఛాతీ మీద అడ్డంగా జరీ తాళ్ళు. కొలతలివ్వడానికి మనుషులు రారు, వాళ్ళ పాత కోట్లు ఆదికి వస్తాయి. ఆ ఆది కోటు చూస్తేనే దాన్ని తొడుక్కున్న మనిషి ఏం వాయిస్తాడో నాకు తెలిసిపోతుంది. క్లారినెట్టు వాయించేవాడికి మణికట్టు దగ్గర అంచు పోతుంది. బేసు మోసేవాడికి ఎడమ భుజం దగ్గర గుడ్డ పలచబడి, అవతలి వెలుతురు కనబడుతుంది.

బేసు కోటు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మాది నూర్‌బాషా కుటుంబం. సన్నాయి, డోలు, ఆ తరవాత బ్యాండు, ఇవి మా వాళ్ళలో తాతల నాటి పనులు. మగవాళ్ళ పనులు అనాలి. మా నాన్న బేసు వాయించేవాడు. మేళంలో అందరికంటే వెనక నడిచే పెద్ద ఇత్తడి వాయిద్యం అది. పాట పాడేది క్లారినెట్టు, చప్పట్లు దానికి. అడుగున నిలబడి మోసేది బేసు, దాన్ని చూసేవాడు ఉండడు. నాన్న వరండాలో సాధన చేస్తుంటే నేను లోపలి గదిలో గోడకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. గోడలోంచి శబ్దం వీపులోకి వచ్చేది. స్వరం చివర దాన్ని పుటుక్కున తెంపకుండా, కొంచెం సాగదీసి వదిలేవాడు నాన్న. ఆయన పోయాక అలాంటి సాగు మళ్ళీ కనిగిరి మేళంలోనే విన్నాను. అది కూడా మేడ మీద నుంచే. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మేళాన్ని మేడ మీద నుంచో, తలుపు చాటు నుంచో వింటారు తప్ప, ఎదురుగా నిలబడి వినరు.

గ్రూపులో నేను కావాలని చేరలేదు. మనిషి చేత కోట్లు పంపి కుట్టించుకునే, నా ముఖం ఎరగని ఒక మేళం పెద్ద, తన ఫోన్లో ఉన్న నంబర్లన్నీ పోగేసి బ్యాండు అభిమానుల కోసం ఒక గ్రూపు పెట్టాడు. నా నంబరు అతని దగ్గర "పేట టైలర్" అని ఉంది. టైలర్ అంటే మగవాడే అనుకున్నారు అందరూ. అక్కడ మనుషులకు పేర్లుండవు, ఊళ్ళే ఉంటాయి. ఫలానా మార్టూరు, ఫలానా అద్దంకి, నేను పేట. మొదట్లో ఊరికే వినేదాన్ని. ఊరేగింపుల్లో ఫోన్లతో తీసిన వీడియోలు పెట్టేవాళ్ళు, ఏ మేళం గొప్పదని కొట్టుకునేవాళ్ళు. ఒకరోజు మార్టూరాయన కనిగిరి మేళం మీద ఒక మాట విసిరాడు.

"కనిగిరోళ్ళని పెళ్ళికి పిలిస్తే పెళ్ళికొడుకు కార్లోనే నిద్రపోతాడు."

నాకు ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న జాకెట్టు పక్కన పడేసి, అతను నెత్తిన పెట్టుకునే మేళం మీద రాశాను. "సింగరాయకొండ వాళ్ళని పిలిస్తే పెళ్ళికొడుకు కంటే ముందు మేళమే భోజనాలకి పోయి కూర్చుంటుంది. అంత తొందర వాళ్ళకి."

గ్రూపంతా నవ్వుల బొమ్మలు. మార్టూరు ఊరుకుంటాడా? "ఒరేయ్ పేటా, చెవుల్లో పత్తి పెట్టుకున్నావంట్రా?" అన్నాడు.

పెళ్ళయ్యాక నన్నెవరూ ఒరేయ్ అనలేదు. పెళ్ళికి ముందు కూడా అనలేదు, అనుకోండి. ఆ మాట చదివి కోపం రావాలి కదా. రాలేదు సరికదా, కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మార్టూరాయన పనిచేసేది రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్లో అని అప్పటికే తెలుసు. "ఒరేయ్ మార్టూరూ, ముందు నీ చెవుల్లో రాతిపొడి దులుపుకొని విను," అని రాశాను. ఒరేయ్ అన్న మాటను ఒకసారి చెరిపి, మళ్ళీ టైపు చేసి పంపాను.

అది మొదలు. సింగరాయకొండ మేళం అతనికి ప్రాణం, కనిగిరి మేళం నాకు. అతను డ్రమ్ము వైపు నుంచి వినేవాడు. దెబ్బ పడగానే పాట లేవాలి, లేవకపోతే చచ్చిన మేళమే అనేవాడు. నేను అడుగు నుంచి వినేదాన్ని. బేసు పరిచాకే పాట నడవాలి, లేకపోతే అది పాట కాదు పరుగు అనేదాన్ని. నేను వీడియో పెడితే అతను దాన్ని ముక్కలు చేసి, ఇదిగో ఇక్కడ ఆలస్యం, ఇక్కడ ఆలస్యం అని తిరిగి పెట్టేవాడు. నాకు నిద్రలోనూ జవాబులే. మిషను తొక్కుతూ పైకే అనేసుకునేదాన్ని. మా అత్త తొంగి చూసి, ఎవరితోనమ్మా అంటే, దారంతో అనేదాన్ని.

నేను అబద్ధం చెప్పలేదు. ఈ సంగతి ఎవరు అడిగినా నిలబడి చెబుతాను. మన తెలుగు నా పక్షాన ఉంది. వాడు విన్నాడు, ఆమె విన్నది, కానీ నేను అయితే విన్నాను. ఆడైనా విన్నాను, మగైనా విన్నాను. ఇన్నాళ్ళూ ఆ "ను" చాటున కూర్చుని పోట్లాడాను. గొంతు పెట్టి మాటలు పంపమంటే, మిషను చప్పుడు ఎక్కువని రాసేదాన్ని. ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని కాదు. ఎత్తిన క్షణం నుంచి వాళ్ళకు నేను ఒక అమ్మనో, మేడమ్‌నో అయిపోతాను, ఇక వాళ్ళు కూడా సరేలే అంటారు. నా భయమంతా అదే.

మొన్న మిరపకాయలు కల్లాల్లోకి వచ్చే రోజుల్లో గొడవ ముదిరింది. మార్టూరుకు దగ్గర్లో ఒక పల్లెలో దర్గా ఉంది. అక్కడి ఉరుసులో గంధం ఊరేగింపుకు ఈసారి రెండు మేళాలూ వస్తున్నాయని కబురు. అక్కడొక ఆనవాయితీ ఉంది. గంధం దర్గా ముందుకి చేరాక రెండు మేళాలూ ఎదురెదురుగా నిలబడి ఒకే పాటను ఒకరి తరవాత ఒకరు వాయిస్తాయి. నిజంగా వినేవాళ్ళు ఆ రెండిటికీ నడుమ ఉన్న ఖాళీలో నిలబడతారు. మిగతావాళ్ళు చుట్టూ ఉంటారు, ఆడవాళ్ళు మేడల మీద.

మార్టూరు రాశాడు: "ఫోన్లో విని తీర్పులు చెప్పటం కాదు. మగాడివైతే రా. నడి మధ్యలో నా పక్కన నిలబడి విను. కనిగిరోళ్ళు ఆలస్యం చేసిన ప్రతిసారీ వేలెత్తి చూపిస్తా. ఓడినోడు రెండు మేళాల ముందూ నా చెవుల్లో పత్తి ఉందని నోటితో చెప్పాల."

గ్రూపంతా ఊగిపోయింది. పేటా రారా, పేటా జవాబు చెప్పరా అని ఒకటే మోత. నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. వెళితే తెలిసిపోతుంది. వెళ్ళకపోతే ఇన్నాళ్ళ నా మాటకు విలువ లేదు. ఒంట్లో బాగాలేదని రాయవచ్చు, పెళ్ళి కోట్లున్నాయని రాయవచ్చు. అవన్నీ ఆలోచించాను. కానీ ఆ "మగాడివైతే" అన్న మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. చివరికి "వస్తాను" అని రాసి పంపాను. ఆ "ను" చాటు నుంచి అదే ఆఖరి మాట అని నాకు తెలుసు.

ఉరుసు ముందు రోజు మధ్యాహ్నం ఇంట్లో నా ఫోన్ మోగింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన అప్పుడే యార్డు నుంచి వచ్చి అన్నం తింటున్నాడు. చిన్న ట్రక్కులో మిరపకాయల బస్తాలు గుంటూరు యార్డుకు తోలతాడు ఆయన. ఎడమ చేత్తో ఫోన్ ఎత్తాడు.

"ఏరా పేటా, రేపు వస్తున్నావా, జారుకుంటున్నావా?" అవతలి గొంతు పెరట్లోకి వినబడేంత పెద్దగా ఉంది.

"పేటెవరు?" అన్నాడు మా ఆయన.

"నువ్వే గదరా!"

"రాంగ్ నంబరండి," అని పెట్టేశాడు. పెట్టేసి, ఫోన్ను చూస్తూ ఉండిపోయాడు. నేను తడి చేతులతో గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వేలు తెర మీద పైకి జరుగుతోంది, ఇంకా పైకి. గ్రూపు తెరిచాడని అర్థమైంది. దాంట్లో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అయినా మొగుడికి తెలియకుండా అంతమంది పరాయి మగాళ్ళను ఒరేయ్ అని పిలిచే ఆడదాన్ని మా వాళ్ళలో ఏమంటారో నాకు తెలుసు. కంచంలో అన్నం ఆరిపోతోంది. మధ్యలో ఒకచోట ఆయన పెదవి కదిలింది, నవ్వో కాదో తేలలేదు.

"ఇదంతా నువ్వు రాసిందేనా?" అన్నాడు.

"అవును."

"ఇన్నాళ్ళూ?"

"అవును."

ఫోన్ నేల మీద పెట్టాడు. "ఊరుగాని ఊరోళ్ళతో ఇంత పోట్లాట పోట్లాడావు. నాతో ఒక్కసారన్నా పోట్లాడావా?"

మీరు సరేలే అంటారు కదా అని నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆయన చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు. వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం దాటాక ట్రక్కు గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టాడు. కొంగు తల మీద కప్పుకొని ఎక్కాను. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు, ఇద్దరికీ తుమ్ములు.

మేం చేరేసరికి గంధం దర్గా దగ్గరికి వచ్చేసింది. ఎండ ఇంకా ఉంది. రెండు మేళాలూ అటొకటి, ఇటొకటి సర్దుకుంటున్నాయి. కనిగిరి వాళ్ళ కోట్లు నేను కుట్టినవే. కుచ్చులు ఊగుతుంటే చూసి కొంచెం ధైర్యం వచ్చింది. నడుమ ఖాళీలో ఒక గుంపు నిలబడి, వచ్చేపోయే ప్రతి ముఖాన్నీ పట్టి చూస్తోంది. వాళ్ళలో చామనఛాయగా, మెడలో తువ్వాలు వేసుకున్న మనిషి గొంతు వినగానే మార్టూరేనని పోల్చుకున్నాను. అతను మా ఆయన ట్రక్కు మీద రాసున్న చిలకలూరిపేట పేరు చూశాడు. చూసి రెండు చేతులూ చాపుకుంటూ వచ్చేశాడు.

"ఏరా పేటా! వచ్చావురా! నేను రావనుకున్నా!" అని మా ఆయనను గట్టిగా కౌగలించుకున్నాడు. వెనకే మిగతావాళ్ళు, వీపు మీద చరుపులు. మా ఆయనకు ఊపిరాడలేదు. మార్టూరు భుజం మీదుగా ఆయన నా వైపు చూశాడు. ఆయన అవునంటే సరిపోతుంది. ఆయన నడుమ నిలబడతాడు, నేను మేడ ఎక్కి వింటాను, రేపటి నుంచి మళ్ళీ గ్రూపులో పేట పేటే. ఆయన నోరు తెరవలేదు. కాదని కూడా అనలేదు. నువ్వే తేల్చుకో అన్నట్టు చూస్తున్నాడు. ఆ క్షణాన ఆయన మీద నాకు కోపమూ వచ్చింది, ఇష్టమూ కలిగింది.

"చెవుల్లో రాతిపొడి దులుపుకొని వచ్చావా, మార్టూరూ?" అన్నాను.

నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. మార్టూరు చేతులు మా ఆయన మీద నుంచి జారిపోయాయి. నన్ను చూశాడు, ఆయనను చూశాడు, మళ్ళీ నన్ను. ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు.

"మీరా?" అన్నాడు. "మీరాండీ పేట?" అన్నాడు. ఆ తరవాత చేతులు జోడించాడు. "నమస్కారమమ్మా. తెలీక ఏవేవో అన్నాను. ఏమనుకోబాకండి."

నేను భయపడిందంతా ఆ ఒక్క నమస్కారంలో జరిగిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. మోసం చేశావని అరిచినా తట్టుకునేదాన్ని. గుంపులోంచి ఒకాయన వచ్చి, "అమ్మగారికి కుర్చీ వెయ్యండ్రా," అన్నాడు. కుర్చీ తెచ్చి పక్కగా, పందిరి నీడలో వేశారు. "నేను కూర్చోవడానికి రాలేదు," అని నడుమ ఖాళీలోకి నడిచాను. మేడ మీద ఆడవాళ్ళు వంగి చూస్తున్నారు. మార్టూరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పక్కన అంటే, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఎడంగా.

సింగరాయకొండ మేళం ముందు ఎత్తుకుంది. నేనెప్పుడూ మేళానికి అంత దగ్గరగా నిలబడలేదు. డ్రమ్ము దెబ్బ చెవికి కాదు, కడుపుకి తగిలింది. క్లారినెట్ల మీటల టకటక, ఊపిరి తీసుకునే శబ్దం, ఇత్తడి మీద ఎండ, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. తొందర మేళం అని ఎన్నిసార్లు వెక్కిరించానో. అది తొందర కాదు. దెబ్బ పడిన చోటే పాట ఉంది, వెంట్రుక కూడా దూరనంత దగ్గరగా ఉంది.

తరవాత కనిగిరి. బేసాయన నాన్న వయసువాడు. మొదటి స్వరానికే నా వీపులోకి ఆ పాత గోడ వచ్చి ఆనుకుంది. కళ్ళు మూసుకోబోయి, వద్దని తెరిచాను. తెరిచాను కాబట్టే చూశాను. బేసాయన స్వరాన్ని చివర సాగదీస్తున్నాడు, అచ్చం నాన్నలాగే. క్లారినెట్ల వాళ్ళు ఆ సాగు అయ్యేదాకా ఆయన వైపు చూస్తూ ఆగి, అప్పుడు పాట ఎత్తుతున్నారు. రెప్పపాటే, కానీ ఆలస్యం ఆలస్యమే. సైడ్ డ్రమ్ము కుర్రాళ్ళు కర్రలు గాల్లో పట్టుకుని ఇబ్బంది పడుతున్నారు. మేడ మీదికి ఈ సందు వినబడదు, బేసు ఒక్కటే వచ్చి దాన్ని కప్పేస్తుంది. నేను ఇష్టపడ్డదీ, మార్టూరు తప్పన్నదీ ఒకటేనని అక్కడ నిలబడితే తప్ప నాకు తెలియలేదు.

మార్టూరు వైపు తిరిగాను. అతను విన్నాడు. మొదటి ఆలస్యం దగ్గరే అతని కుడి చెయ్యి నడుము దాకా లేచింది, చూపుడువేలు సగం విచ్చుకుంది. నేను చూస్తున్నానని గమనించాడు. ఆ చేతిని అలాగే దించి, చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు. పాట అయ్యేదాకా మళ్ళీ బయటికి తియ్యలేదు. ఎత్తు, ఎత్తి చూపించు అని నాలోపల నేను అరుస్తూనే ఉన్నాను.

మేళాలు ఆగాయి. నేను నోరు తెరిచేలోగా మార్టూరు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. "అమ్మగారు చెప్పిందే నిజం. కనిగిరే బాగుంది. నా చెవుల్లోనే పత్తి ఉందండీ," అని గట్టిగా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కనిగిరి వాళ్ళు ఇంకో పాట ఎత్తుకున్నారు, అందరూ వాళ్ళ చుట్టూ మూగారు. నాకు ఎవరో సర్బత్తు గ్లాసు అందించారు. మార్టూరు దూరం నుంచే మళ్ళీ చేతులు జోడించి గుంపులోకి వెళ్ళిపోయాడు. నేను గెలిచాను. అంత చేదు గెలుపు పగవాళ్ళకు కూడా వద్దు.

తిరుగు దారిలో మా ఆయన, "గెలిచావుగా, ముఖం అట్టా పెట్టావేం?" అన్నాడు. అతను అబద్ధం చెప్పాడన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నీకోసమే గదా చెప్పాడు, మంచోడే అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఉరుసులో తీసిన వీడియో ఎవరో గ్రూపులో పెట్టారు. ఆ తరవాత అక్కడ నేను ఏది పెట్టినా "చాలా బాగుందండి". ఒక పరమ చెత్త వీడియో, డ్రమ్ము పగిలిపోయిన చప్పుడుతో ఉన్నది కావాలని పెట్టి, ఇంతకంటే గొప్ప మేళం లేదన్నాను. "మేడమ్‌గారు కరెక్టుగా చెప్పారు," అని వచ్చింది. మార్టూరు అసలు మాట్లాడటమే మానేశాడు. మిగతావాళ్ళు కూడా తమలో తాము తిట్టుకోవడం తగ్గించారు, ఆడమనిషి ఉందని. పొద్దున శుభోదయాలు, పువ్వులు, దీపాలు. అక్కడా నాకు ఒక మేడ కట్టి, దాని మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. గ్రూపులోంచి వెళ్ళిపోదామని వేలు ఆ మీట దాకా వెళ్ళింది కూడా.

ఒకరోజు పొద్దున మిషను ముందు కూర్చున్నాను. ముందున్నది బేసు వాయించే ఎవరిదో ఆది కోటు, భుజం దగ్గర పలచబడి. దాన్ని చూస్తుంటే రోషం వచ్చింది. మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాను. ఇన్నాళ్ళూ రాతల్లోనే గడిపినదాన్ని, మొదటిసారి గొంతు పెట్టి పంపాను.

"ఒరేయ్ మార్టూరూ. ఆ రోజు కనిగిరి వాళ్ళు ఆలస్యం చేశారు. బేసు సాగు వల్లే ఆలస్యం అయింది, నేను కళ్ళారా చూశాను. నువ్వూ విన్నావు. వేలెత్తబోయి జేబులో పెట్టుకున్నావు. పందెం నేను ఓడాను. నా చెవుల్లో పత్తి ఉంది. నీ నోట్లో అబద్ధం ఉంది. ఏది పెద్ద తప్పో నువ్వే చెప్పు."

పంపి, ఫోన్ ఎదురుగా పెట్టుకున్నాను. ఒక్కొక్కరూ వింటున్నట్టు కనబడుతోంది, ఎవరూ ఏమీ అనడం లేదు. పెద్దాయన ఒకరు "పోనివ్వండి మేడమ్‌గారూ" అని రాసి ఊరుకున్నారు. కుట్టు ముందుకు సాగలేదు, మూడు చోట్ల దారం తెగింది. అన్నాల వేళ అయింది. మా ఆయన వచ్చి కూర్చున్నాడు, వడ్డిస్తున్నాను. అప్పుడు మోగింది. మార్టూరు గొంతు, వెనక రాయి కోసే మిషను రొద. తడి చేత్తోనే నొక్కి, పెద్దగా పెట్టాను.

"అక్కా. ఆరోజు తప్పు నాదే. ఎదురుగా ఆడమనిషిని చూసేతలికి చెయ్యి లేవలా. మా అమ్మ పెంచిన పెంపకం, ఏం చెయ్యను. సరే, అది అయిపోయింది. ఇప్పుడు విను. ఆలస్యమైంది నిజం. కానీ బేసు వల్ల అన్నావే, అది శుద్ధ తప్పు! ఆ బేసాయన చేసిన పాపమేంది? ఆయన సరిగ్గానే సాగదీస్తన్నాడు, ఆ సాగు లేకపోతే అసలా మేళమే లేదు. క్లారినెట్టోళ్ళకి ఎత్తుకునే దమ్ము లేదు, ఆయన మొఖం చూస్తా నిలబడతన్నారు. తప్పు ఎవరిదో తెలీకుండా పాపం పెద్దాయన మీద పెడతావేంది? చెవుల్లో పత్తి తీసి మళ్ళీ విను!"

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ నేను వెనకేసుకొచ్చిన బేసును నేనే తప్పుపట్టాను. వెనకేసుకు రావడానికి మార్టూరు రావాల్సి వచ్చింది. నాన్న వాయించినంత కాలం ఆయన బేసు గురించి ఒక్కరూ ఒక్క మంచి మాట అనగా నేను వినలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "చూశారా, ఎట్టా తిడుతున్నాడో," అన్నాను మా ఆయనతో.

"ఆయన చెప్పింది నిజమేననిపిస్తాంది," అన్నాడు మా ఆయన, ముద్ద కలుపుతూ.

"మీకేం తెలుసు? మీరెప్పుడన్నా మేళం విన్నారా? బేసు ఆగితేనే గదా వాళ్ళు ఎత్తాల్సింది. తప్పు బేసుదే."

అని, సరేలే అంటాడని గరిటె గిన్నెలో పెట్టబోయాను.

"కాదు," అన్నాడు. "నేనూ అక్కడే నిలబడ్డా. నువ్వు చెప్పేది తప్పు. ఏదీ, ఆ ఉరుసు వీడియో పెట్టు, మళ్ళీ విందాం."